వెనకవాడి దీపం



బండి నడిపేవాడు తన బండి బ్రేకు లైటు వెలగడం చూడడు. హెడ్‌లైటు పోతే దారి చీకటవుతుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. హారను పోతే చెవికి తెలుస్తుంది. వెనకుండే చిన్న ఎర్రదీపాన్ని బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి చూసుకోవచ్చు. బ్రేకు లైటు సంగతి వేరు. కాలు పెడలు మీద ఉన్నంతసేపే అది వెలుగుతుంది, కాలు అక్కడున్నంతసేపూ మనిషి సీటు వదిలి వెనక్కి వెళ్ళలేడు. అది వెలిగిందని తెలిసేది వెనక వస్తున్నవాడికి. వెలగలేదని తెలిసేదీ వాడికే, అదీ చాలాసార్లు ఆలస్యంగా.

ఈ పూట నేను మాట్లాడేది ఆ దీపం గురించి, దాన్ని వెలిగించే చిన్న స్విచ్చి గురించి, ఆ రెంటినీ కలిపే తీగల గురించి. అదీ ఈనాటి కారులో కాదు, రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక పికప్ ట్రక్కులో.

నేను ఉద్యోగం చేసింది రైల్వే సిగ్నల్ విభాగంలో, స్థిరపడింది హిజ్లీలో. హిజ్లీ తెలియనివాళ్ళకి ఒక మాట. ఇది ఖరగ్‌పూర్‌ని ఆనుకునే ఉంటుంది. టాటానగర్ వైపు నుంచో మేదినీపూర్ వైపు నుంచో వచ్చి దక్షిణానికి మళ్ళే రైళ్ళు కొన్ని, ఖరగ్‌పూర్ జంక్షన్లోకి వెళ్ళి ఇంజను తిప్పుకునే పని లేకుండా, మా హిజ్లీ స్టేషను మీదుగా సాగిపోతాయి. ఖరగ్‌పూర్ని ఇంత ఊరు చేసింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఆ రైల్వే వాల్తేరు దాకా వచ్చాక, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవాళ్ళు ఇక్కడి వర్క్‌షాపులోకి, లోకో షెడ్లలోకి, పట్టాల గ్యాంగుల్లోకి వచ్చి చేరారు. మథురాకటి, నిమ్‌పురా పేటల్లో తెలుగు చెవిన పడకుండా ఒక సందు దాటడం కష్టం. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్నది కూడా ఈ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల మధ్యనే.

హిజ్లీ అనగానే చదువుకున్నవాళ్ళకి రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి, 1930లో బ్రిటిషువాళ్ళు ఇక్కడ తెరిచిన నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16 రాత్రి ఆ శిబిరంలో ఆయుధాల్లేని ఖైదీల మీద కాల్పులు జరిగాయి, సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. రెండు, 1951లో అదే భవనంలో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. ఈ రెంటికీ నడుమ జరిగింది మాత్రం చాలామందికి తెలియదు. 1944లో ఆ భవనం అమెరికన్ విమానదళం ఇరవయ్యో బాంబర్ కమాండుకి ప్రధాన కార్యాలయం. ఖరగ్‌పూర్, చాకులియా, పియర్‌దోబా, దుధ్‌కుండీల దగ్గర బీ-29 బాంబర్ల కోసం పొడవాటి రన్‌వేలు వేశారు. ఆ విమానాలు తొలి దాడికి 1944 జూన్ 5న ఇక్కడినుంచే బయల్దేరి బ్యాంకాక్ మీదికి వెళ్ళాయి. మరుసటి ఏడాదికి ఆ దళం పసిఫిక్ దీవులకి తరలిపోయింది.

విమానాల కథ పుస్తకాల్లో ఉంది. నాకు పనికొచ్చేది నేల మీది కథ. అంత దళానికి పెట్రోలు, బాంబులు, బియ్యం, మనుషులు చేరాలంటే బళ్ళు కావాలి. ఆ రోజుల్లో అమెరికన్ సైన్యం ఎక్కడుంటే అక్కడ కనిపించినవి మూడు: విల్లీస్ జీపు, రెండున్నర టన్నుల జీఎంసీ, ఈ రెంటికీ మధ్యలో ముప్పావు టన్ను డాడ్జ్. ఆ డాడ్జిని సైన్యం ఏ పేరుతో పిలిచినా, చూసేవాడికి అది నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే మొరటు పికప్. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసిన సామాను డిస్పోజల్సు కింద అమ్ముడుపోయింది. మనదేశంలో కొత్త లారీ దొరకడం గగనమైన ఆ రోజుల్లో ఆ బళ్ళు కట్టెలు మోశాయి, రాళ్ళు మోశాయి, పెళ్ళివారిని మోశాయి. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ లారీలు రావడం మొదలయ్యాక గానీ వాటికి విశ్రాంతి రాలేదు.

అలాంటి డాడ్జ్ ఒకటి మా బావమరిది షెడ్డులో ఉంది. అది ఇక్కడి బాంబర్ కమాండు బండేనని ఆయన గట్టి నమ్మకం. అలా చెప్పే కాగితం ఏదీ లేదు. నేను ఆ నమ్మకం జోలికి పోను. ఇంట్లో ఆడవాళ్ళ ముందు అసలు పోను.

ఇంజను బాగానే నడుస్తుంది. బ్రేకు లైటే పిచ్చిగా ఉండేది. ఒక సాయంత్రం కబురు పెట్టాడు. నేను వెళ్ళేసరికి సీటు పక్కన నిలబడి ఉన్నాడు.

"బావా, ఇది సూడు. బ్రేకు తొక్కితే ఎనకాల లైటు ఎలగదు గానీ, ముందు మీటరు దీపం ఎలుగుతాది. ఏటిది, దెయ్యమా?"

"దెయ్యం కాదులే. ఎర్తు పోయింది," అన్నాను.

"సూడకుండానే సెప్పేస్తావేటి?"

చూడకుండా చెప్పడంలో గొప్పేమీ లేదు. కరెంటు నడిచే తోవ తెలిస్తే చాలు. ఆ తోవ ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి ఒక తీగ బ్రేకు స్విచ్చికి వస్తుంది. స్విచ్చిలోంచి ఇంకో తీగ బయల్దేరి ఛాసిస్ పొడుగునా వెనక్కి పోయి, బల్బు హోల్డరులో అడుగున ఉండే చిన్న బొడిపెకి తగులుతుంది. బల్బు ఫిలమెంటు దాటిన కరెంటు బల్బు ఇత్తడి డొక్కులోకి, అక్కణ్ణుంచి హోల్డరులోకి, హోల్డరు నుంచి బండి ఇనుములోకి, ఇనుము నుంచి బ్యాటరీకి తిరిగి చేరుతుంది. వెళ్ళడానికి తీగ, రావడానికి బండి శరీరమే. ఈ తిరుగు తోవనే మెకానిక్కులు ఎర్తు అంటారు.

ఆ డాడ్జికి యుద్ధం నాటి వెనక దీపాలు ఎప్పుడో పోయాయి. వాటి స్థానంలో ఎవరో రెండు గుండ్రటి దీపాలు బిగించారు. ఒక్కో బల్బులో రెండు ఫిలమెంట్లు: రాత్రిపూట ఎప్పుడూ వెలిగే ఐదు వాట్లది ఒకటి, బ్రేకు తొక్కితే వెలిగే ఇరవయ్యొక్క వాట్లది ఒకటి. రెంటికీ ఎర్తు ఒకటే, ఆ ఇత్తడి డొక్కు. హోల్డరు తుప్పు పట్టి ఎర్తు తెగిపోయిందనుకోండి. బ్రేకు ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు ఇంటికి పోయే దారిలేక, పక్క ఫిలమెంటులోంచి వెనక్కి నడిచి, చిన్న దీపాల తీగలోకి దూరి, మీటరు దీపం ద్వారా ముందువైపు ఎర్తు వెతుక్కుంటుంది. దారిలో అన్ని ఫిలమెంట్లూ వోల్టేజిని పంచుకుంటాయి కాబట్టి పెద్ద ఫిలమెంటు వేడెక్కదు, వెలగదు. చిన్నదైన మీటరు దీపం మాత్రం మసగ్గా వెలుగుతుంది. ఎక్కడో ముందు వెలిగే దీపం వెనక జబ్బుని చెబుతోందన్నమాట. పాత బండిలో ఇంతకన్నా నిజాయితీగల సూచన ఇంకోటి దొరకదు.

హోల్డరు విప్పాం. దీపం అడుగుకీ ఛాసిస్‌కీ మధ్య మూడు రంగుల పెయింటు పొరలు. బెంగాలు వానలకి తోడు ఇక్కడి ఎర్ర మొరంనేల బురద ఎక్కడ సందుంటే అక్కడ పేరుకుంటుంది. మరలు గోకి, గరుకు కాయితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, దీపం డొక్కు నుంచి ఛాసిస్‌కి ఒక నల్లతీగ విడిగా వేశాం. ఇనుముని నమ్మే పాత పద్ధతి పక్కన పెట్టి ఎర్తుకి సొంత తీగ ఇవ్వడం పాత బండికి చేయగల మొదటి ఉపకారం. జోడించాక ఆ చోటికి కాస్త వాజలైను పూస్తే నీరు దిగదు.

బ్రేకు తొక్కమన్నాను. వెనక రెండూ వెలిగాయి. కానీ ఒకటి అరటిపండు రంగులో, ఇంకోటి అంతకన్నా నీరసంగా. పైగా పెడలు సగం పైగా దిగాక గానీ వెలగడం లేదు. అంటే ఎర్తు ఒక్కటే దొంగ కాదు.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. ఆ బండిది 6 వోల్టుల బ్యాటరీ. ఇరవయ్యొక్క వాట్ల బల్బు 12 వోల్టుల మీద పావుతక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. 6 వోల్టుల మీద మూడున్నర. రెండు బల్బులకీ కలిపి ఏడు. స్విచ్చిలో మసిపట్టిన కాంటాక్టులు, తుప్పు జాయింట్లు అన్నీ కలిసి ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డం పడ్డాయనుకుందాం. ఏడు ఆంపియర్లకి అక్కడే 0.7 వోల్టు పోతుంది. ఆరింటిలో 0.7 అంటే పన్నెండు శాతం దాకా. ఫిలమెంటు బల్బుకి ఇదే శాపం: వోల్టేజి కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. పన్నెండు శాతం వోల్టేజి పోతే వెలుగులో ఇంచుమించు మూడో వంతు పోతుంది. అదే అడ్డంకి 12 వోల్టుల బండిలో ఉంటే వెలుగు పదో వంతు తగ్గేది, ఎవడూ గమనించడు. 6 వోల్టుల బండిలో ప్రతి జాయింటూ శుభ్రంగా ఉండాలని పాత మెకానిక్కులు పోరు పెట్టడం వెనక ఉన్నది చాదస్తం కాదు, ఈ లెక్కే.

ఇక స్విచ్చి దగ్గరికి వద్దాం. బ్రేకు స్విచ్చిలు రెండు జాతులు. ఒకటి పెడలు దగ్గర ఉండేది. పెడలు పైన ఉన్నప్పుడు దాని చేయి స్విచ్చి పుల్లని నొక్కి ఉంచుతుంది. కాలు వేయగానే పుల్ల విడివడి లైటు వెలుగుతుంది. మన ఇళ్ళల్లో ఫ్రిజ్ తలుపు తెరిస్తే వెలిగే దీపం సరిగ్గా ఇదే. రెండోది బ్రేకు ఆయిలు గొట్టంలోనో మాస్టర్ సిలిండరు దగ్గరో బిగించే ఇత్తడి స్విచ్చి. దాని లోపల ఒక పల్చటి పొర. బ్రేకు తొక్కితే ఆయిలు ఒత్తిడికి ఆ పొర ఉబ్బి, వెనకున్న రాగి బిళ్ళని రెండు కాంటాక్టుల మీదికి నెడుతుంది. మా డాడ్జిది ఈ రెండో జాతి.

అది పాడైందో లేదో తేల్చడానికి ఎక్కువ సరంజామా అక్కర్లేదు. స్విచ్చి మీది రెండు తీగలూ ఊడదీసి ఒకదానికొకటి ఆనించాలి. లైటు బాగా వెలిగితే తీగలు మంచివి, స్విచ్చి చెడ్డది. వెలగకపోతే స్విచ్చిని తిట్టడం మానేసి, టెస్టు ల్యాంపు పట్టుకుని తీగ వెంబడి నడవాలి: బ్యాటరీ వైపు తీగలో కరెంటు ఉందా, ఉంటే ఎక్కడిదాకా వస్తోంది, ఏ జాయింటు దాటడం లేదు. మీటరు ఉంటే మరీ మంచిది. బ్రేకు తొక్కి ఉంచి, ఒక పుల్ల బ్యాటరీ కరెంటు వైపు, ఇంకో పుల్ల బల్బు బొడిపె మీద పెడితే, దారిలో ఎంత వోల్టేజి పోతోందో అదే చూపిస్తుంది.

మా బావమరిది తీగలు రెండూ ఆనించాడు. వెనకాల గోడంతా ఎర్రబడింది. పెడలు సగం దిగాక గానీ వెలగకపోవడం, వెలిగినా నీరసించడం, రెండూ స్విచ్చి లోపలి జబ్బే. ఏడు ఆంపియర్లు పుట్టించే చిన్న చిన్న నిప్పురవ్వలకి కాంటాక్టులు కాలిపోయాయి. కొన్ని స్విచ్చిలు ఇంకో రకంగా కూడా చస్తాయి, పొర చిరిగి ఆయిలు తీగల వైపు చెమర్చుతుంది. స్విచ్చి మీద తడి కనపడితే ఆ రోజు బండి బయటికి తీయకూడదు. అది దీపం జబ్బు కాదు, బ్రేకు జబ్బు.

తీగల కథ ఇంకా ఉంది. యుద్ధం నాటి బళ్ళల్లో బ్రేకు లైటు కరెంటు సూటిగా పోదు, ముందు లైట్ల స్విచ్చిలోంచి తిరుగుతుంది. ఎందుకంటే బ్లాకవుట్. రాత్రిపూట శత్రు విమానానికి కనపడకూడదు, వెనకొచ్చే మనవాడికి మాత్రం కనపడాలి. అందుకని మామూలు దీపాలకి ఒక సెట్టు, సన్నటి చీలికల్లోంచి మసగ్గా వెలిగే బ్లాకవుట్ దీపాలకి ఇంకో సెట్టు. ఆ కాలపు జీపుకి వెనక ఎడమవైపు దీపంలోనే మామూలు బ్రేకు లైటు ఉండేది. కుడివైపు దాంట్లో బ్లాకవుట్ బ్రేకు లైటు. అంటే పట్టపగలు బ్రేకు తొక్కితే ఒక్క పక్కే వెలుగుతుంది. దాన్ని చూసి రెండోది పాడైందని విప్పి పారేసినవాళ్ళు మనదేశంలో ఎంతమందో. పైగా లైట్ల స్విచ్చి పూర్తిగా ఆపేసి ఉంటే బ్రేకు లైటు కూడా వెలగదు. పగటి ప్రయాణానికి ఒక్క బ్రేకు లైటుకే కరెంటు ఇచ్చే మెట్టు ఆ స్విచ్చిలో విడిగా ఉండేది. సైన్యంలో నేర్పారు కాబట్టి సిపాయికి తెలుసు. వేలంలో కొన్న కట్టెల వ్యాపారికి ఎవరు చెబుతారు? వాళ్ళు ఆ స్విచ్చిని తప్పించి తమకి తోచిన తీగ వేసుకున్నారు. మా డాడ్జిలో అలా వేసిన తీగలు కొన్ని, వేసి వదిలేసినవి కొన్ని, ఎక్కడా చేరకుండా ఛాసిస్ మధ్యలో తెగి ఆగినవి కొన్ని. తాతల నాటి ఆస్తికి వారసులు ఎక్కువై కాగితాలు తారుమారైనట్టు ఉంది లోపల.

పాత తీగ మీద నూలు అల్లిక ఉంటుంది, లోపల రబ్బరు. ఇన్నేళ్ళకి ఆ రబ్బరు వేలితో నొక్కితే పొడైపోతుంది. టేపు చుట్టి సరిపెట్టుకోవచ్చని చాలామంది అంటారు. నేనైతే ఒప్పుకోను. బ్యాటరీ నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి వెనక్కి, మొత్తం కొత్త తీగ లాగించాను, 6 వోల్టుల కరెంటుకి తగ్గట్టు లావుపాటిది. మొదట్లోనే పది ఆంపియర్ల ఫ్యూజు వేశాం. ఛాసిస్ రంధ్రాల్లోంచి తీగ దూరే ప్రతి చోటా రబ్బరు బుష్షు. పైన నూలు స్లీవు తొడిగితే పాతదానిలాగే ఉంటుంది, ఆ సరదా కూడా తీరుతుంది. ఇంగ్లీషు బండైతే తీగ రంగే దారి చూపిస్తుంది: లూకాస్ కంపెనీ పద్ధతిలో ఆకుపచ్చ మీద ఊదా గీత ఉంటే అది బ్రేకు లైటు తీగ, నల్లది ఎర్తు. అయితే 1960ల మధ్యదాకా వచ్చిన ఇంగ్లీషు తరహా బళ్ళలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సే ఎర్తు. మైనస్ అనుకుని ఎల్ఈడీ దీపం తగిలిస్తే వెలగదు, బల్బు దండగ.

ఎల్ఈడీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తక్కువ కరెంటు లాగుతుంది, స్విచ్చి కాంటాక్టులు కాలవు, ఫిలమెంటు కన్నా క్షణంలో కొంత భాగం ముందే వెలుగుతుంది. వెనకవాడికి ఆ కాస్తా లాభమే. నాకేమీ అభ్యంతరం లేదు. మా బావమరిదికి ఉంది. "ఆ సల్లటి ఎర్రరంగు మెడికల్ షాపు బోర్డులాగుంటాది బావా," అన్నాడు. అందుకని ఫిలమెంటు బల్బులే ఉంచి, వెనక దీపాల దగ్గర ఒక 6 వోల్టుల రిలే పెట్టాం. ఇప్పుడు ఏడు ఆంపియర్లూ రిలే మోస్తుంది. బ్రేకు స్విచ్చి ఆ రిలేని లేపేంత పిసరు కరెంటు మాత్రమే మోస్తుంది. స్విచ్చి ఆయుష్షు పెరుగుతుంది, బల్బుకి నిండు వోల్టేజి అందుతుంది.

అసలు తగువు స్విచ్చి ఏ జాతిది వేయాలన్న దగ్గర వచ్చింది. ఆయన ఆయిలు ఒత్తిడి స్విచ్చే కావాలన్నాడు, అసలుది అదే కదా అని. నేను పెడలు స్విచ్చి వేయాల్సిందే అన్నాను. నా పట్టుదలకి కారణం నా ఉద్యోగం.

రైల్వేలో సిగ్నల్ పనిలో చేరినవాడికి మొట్టమొదట ఎక్కించేది ఒకటే విషయం: ఏది తెగినా ప్రమాదం వైపు కాదు, ఆగడం వైపు తెగాలి. పాతకాలపు చేయి సిగ్నల్ ఉంది చూశారూ, దాన్ని లాగే తీగ తెగితే చేయి తనంతట తాను 'ఆగు' మీదికి పోయేట్టు బరువు కట్టి ఉంటుంది. పట్టాల్లో సన్నటి కరెంటు పారుతూ ఉంటుంది. బండి వచ్చి ఆ కరెంటుని అడ్డగిస్తే రిలే పడిపోయి వెనక సిగ్నల్ ఎర్రబడుతుంది. బండి రాకుండానే పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా అదే జరుగుతుంది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో దీనికి పేటెంటు పొందాడు. బ్రేకు కూడా అంతే. పెట్టెల మధ్య గొట్టం ఊడితే బ్రేకులు వదిలేయవు, పట్టుకుంటాయి. చివరి పెట్టెకి ఎర్రదీపం, 'లాస్ట్ వెహికల్' అనే ఎల్.వి. బోర్డు ఎందుకు? స్టేషను దాటుతున్న బండి తోక చూసి, పెట్టెలేవీ దారిలో తెగి ఉండిపోలేదని స్టేషను సిబ్బంది తేల్చుకోవడానికి. అది కనపడకపోతే 'బాగానే ఉందిలే' అనుకోవడానికి వీల్లేదు. వెనక లైను మీదికి ఇంకో బండిని వదలరు.

ఇప్పుడు రోడ్డు బండిని చూడండి. బ్రేకు లైటు తీగ తెగితే ఏమవుతుంది? ఏమీ అవదు. అదే భయం. తీగ తెగిన బండీ, బ్రేకు తొక్కని బండీ వెనకవాడి కంటికి ఒకేలా ఉంటాయి. రైల్వేలో మౌనం అంటే ప్రమాదం. రోడ్డు మీద మౌనం అంటే 'వచ్చెయ్'.

ఒత్తిడి స్విచ్చి ఈ భయాన్ని రెట్టింపు చేస్తుంది. ఆ కాలపు బళ్ళకి మాస్టర్ సిలిండరు ఒక్కటే, నాలుగు చక్రాలకీ ఆయిలు దారి ఒక్కటే. ఎక్కడ గొట్టం పగిలినా మొత్తం ఒత్తిడి పోతుంది. పెడలు నేలకి ఆనుతుంది, బండి ఆగదు. ఆయిలు ఒత్తిడి లేదు కాబట్టి స్విచ్చీ పనిచేయదు, లైటూ వెలగదు. బ్రేకూ లేదు, కబురూ లేదు. ఇక్కడి చౌరంగీ కూడలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీదికి ఎక్కి, వెనక పద్నాలుగు చక్రాల లారీ వస్తుండగా, వాడికి ఏమీ చెప్పకుండా గేర్లు దింపుకుంటూ హ్యాండ్‌బ్రేకు లాగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెడలు స్విచ్చి ఉంటే, బ్రేకు పడకపోయినా, కాలు కదిలిందన్న కబురైనా వెనక్కి చేరుతుంది. బండి బాగున్నప్పుడు కూడా ఒత్తిడి లేచేదాకా ఆగకుండా, కాలు తగలగానే వెలుగుతుంది.

ఇదంతా చెప్పాక ఆయన కాసేపు ఊరుకుని, "మరి ఆ పాతది పీకేస్తే అందం పోద్ది కదా," అన్నాడు. పీకనక్కర్లేదు. పాత ఇత్తడి స్విచ్చి దాని స్థానంలోనే ఉంది, తీగలు లేకుండా, గొట్టానికి బిరడాగా. అది చెమర్చడం లేదని ముందే చూసుకున్నాం. పెడలు పైన, కంటికి ఆనని చోట, చిన్న ఇనప పట్టీ బిగించి మామూలు పుల్ల స్విచ్చి పెట్టాం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆ పుల్ల పెడలుని పూర్తిగా పైకి రానివ్వకుండా అడ్డుపడకూడదు. పెడలు కొద్దిగా నొక్కుకునే ఉంటే మాస్టర్ సిలిండరులో ఆయిలు వెనక్కి తిరిగే రంధ్రం మూసుకుపోయి, నడుస్తుండగా బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. పెడలు పైకొచ్చి ఆగాక, స్విచ్చి నట్టు కొంచెం కొంచెంగా తిప్పి సర్దాలి.

ఒత్తిడి స్విచ్చినే మార్చదలచుకున్నవాళ్ళకి కూడా చెప్పాలి కదా. కొత్తది చేతిలో పెట్టుకుని పాతది విప్పండి, ఆయిలు ఎక్కువ పోదు. దాని మర చివరికి సన్నబడుతూ ఉంటుంది, అదే బిగుతుగా కూర్చుంటుంది, వాషరు అక్కర్లేదు. పానా మీద బలం చూపిస్తే ఇత్తడి చీలుతుంది. ఆ తర్వాత గాలి పోయేదాకా బ్రేకులు బ్లీడ్ చేయాలి. ఆయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే పెయింటు పొర లేచిపోతుంది.

కాగితాల సంగతి కూడా కొంత. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండికి నంబరులో 'వీఏ' అక్షరాలు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్ళ చెల్లుబాటు, తర్వాత పొడిగింపుకి 5,000. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తీసుకెళ్ళొచ్చు. రోజువారీ తిరుగుడికీ బాడుగలకీ కుదరదు. ఆ సౌకర్యం ఉందని దీపాల విషయంలో మినహాయింపు వచ్చిందనుకోకండి. ర్యాలీకి వెళ్ళే రోజున కూడా అదే రహదారి మీద, అవే లారీల ముందు నడవాలి.

చివరగా బల్బుల మాట. 6 వోల్టుల బల్బు అడిగితే చాలా దుకాణాల్లో మొహం చూస్తారు. పాత రాజ్‌దూత్, యెజ్డీ మోటారు సైకిళ్ళ సామాను అమ్మేవాళ్ళ దగ్గర వెతికితే దొరకొచ్చు. తీసుకునేటప్పుడు డొక్కు మీద వాట్లు చదవండి, మోటారు సైకిలు బల్బు కొన్ని రకాల్లో వాట్లు తక్కువ. రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కనుండే రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు, తలకిందులుగా దూరకుండా అలా చేశారు. బలవంతంగా తిప్పి దూర్చినవాళ్ళ బండికి బ్రేకు తొక్కితే మసక దీపం, రాత్రిపూట తొక్కకపోయినా పెద్ద దీపం వెలుగుతాయి. కొన్నప్పుడు నాలుగు కొనండి, రెండు సీటు కింద పెట్టండి. బండి తీసే ముందు వెనక్కి వెళ్ళి నిలబడి చూసి చెప్పే మనిషి ఇంట్లో ఎవరైనా ఉంటే సరే. లేకపోతే చీకటి పడ్డాక గోడకి వెనకవైపు పెట్టి బ్రేకు తొక్కండి, అద్దంలో రెండు ఎర్ర మరకలు కనపడాలి. ఒకటే కనపడితే ముందు ఎర్తు చూడండి, తర్వాతే బల్బు.